డ్యాష్‌బోర్డులో ఏడు రెట్లు, ఖాతా పుస్తకంలో నష్టం: ఒక మంగళగిరి చీరల షాపు కేస్ స్టడీ

2023 సంక్రాంతి వెళ్లిన వారం మంగళగిరిలో ఆ ఇంటికి మొదటిసారి వెళ్లాను. ముందు గదిలో షాపు, పెరట్లో రెండు గుంత మగ్గాలు. మధ్య గదిలో గోడకి ఆనించి ప్లాస్టిక్ కవర్లు పేర్చి ఉన్నాయి. లెక్కపెడితే ఇరవై మూడు. అన్నీ తిరిగొచ్చిన చీరలే. కవర్ల మీద కొరియర్ కుర్రాడి రాత: "ఫోన్ ఎత్తలేదు", "వద్దన్నారు", "డబ్బుల్లేవు, రేపు రమ్మన్నారు".

షాపు నడిపే ఆవిడ మొదటి రోజే నన్ను తమ్ముడూ అన్నారు, నేనూ అక్కా అనే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను. అక్క ఒక కవరు కత్తిరించి చీర బయటికి తీశారు. మామిడి చిగురు రంగు, నిజాం అంచు. పది రోజులు కవర్లో ఊళ్లు తిరిగి మడతల దగ్గర గంజి విరిగిపోయింది. "దీన్ని మళ్లీ గంజి పెట్టి ఇస్త్రీ చేయిస్తే గానీ బీరువాలో పెట్టలేను తమ్ముడూ. నేసినతనికి కూలి ఎప్పుడో ఇచ్చేశాం. ఆర్డరు పెట్టినావిడ తలుపు కూడా తియ్యలేదు" అన్నారు.

అంతకుముందు ఆరు నెలలు వాళ్ల ఆన్‌లైన్ ప్రకటనలు ఒక ఏజెన్సీ చూసింది. నెలనెలా పంపిన రిపోర్టుల్లో అంకెలన్నీ పచ్చగానే ఉన్నాయి. ప్రకటన మీద పెట్టిన ప్రతి రూపాయికీ ఏడు రూపాయల పైచిలుకు అమ్మకం అని రాసి ఉంది. బావగారు మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి ఒకే మాట అడిగారు: "ఏడు రెట్లు వస్తుంటే నూలు కొనడానికి అప్పెందుకు చేస్తున్నామండీ?"

ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే ఈ కేసు. వాళ్ల ప్రకటనలు చూసే నా పని ఏడాదిన్నర సాగింది. షాపు పేరు రాయను. అంకెలు వాళ్ల పుస్తకంలోవి యథాతథంగా కాకుండా, లెక్క కంటికి ఆనేలా గుండ్రం చేసి ఇస్తున్నాను.

ముందు లెక్క

మొదటి రెండు రోజులు నేను ప్రకటనల అకౌంటు తెరవనే లేదు. అక్క చీటీల కట్ట, కొరియర్ బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాం. వంద ఆర్డర్లకి లెక్క ఇలా తేలింది.

చీర ధర 1,800 రూపాయలు. అందులో 5 శాతం జీఎస్టీ తీస్తే చేతికొచ్చేది 1,714. నూలు, జరీ, అద్దకం, కూలి కలిపి 1,150. అంటే చీరకి మిగిలేది 564. ప్రకటనకి ఆర్డరుకి 250 చొప్పున వందకి 25,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 29,500. ప్యాకింగు, కొరియరు కలిపి ఆర్డరుకి 110, వందకి 11,000. ఆర్డర్లన్నీ క్యాష్ ఆన్ డెలివరీయే. ఆ డబ్బు వసూలు చేసి తెచ్చినందుకు కొరియర్‌కి అదనంగా 40.

వందలో చేరినవి 65. మిగతా 35 తిరిగొచ్చాయి. కొరియర్ వాళ్లు దీన్ని ఆర్టీఓ (రిటర్న్ టు ఆరిజిన్) అంటారు. వెనక్కి వచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ తిరుగు ఖర్చు 80.

అరవై ఐదు చీరల మీద మిగులు 36,660. ఖర్చు: ప్రకటనలు 29,500, పంపినందుకు 11,000, వసూలు ఛార్జీ 2,600, తిరుగు ఖర్చు 2,800, మొత్తం 45,900. వంద ఆర్డర్లు తెచ్చినందుకు షాపుకి 9,240 రూపాయల నష్టం. నలిగిన చీరల గంజి, ఇస్త్రీ ఇందులో కలపలేదు.

ప్రకటనల ఫలితాలు చూపించే డ్యాష్‌బోర్డు మాత్రం వంద ఆర్డర్లూ అమ్మకాలే అనుకుని 1,80,000ని 25,000తో భాగించి 7.2 చూపించింది. అది అబద్ధం చెప్పలేదు. ఆర్డరు పడటం వరకే దానికి తెలుసు. తలుపు తియ్యని ఇల్లు, జీఎస్టీ, నేతగాడి కూలి దానికి తెలియవు. తెలియని అంకెని లాభమని చెప్పి బిల్లు తీసుకోవడం మా వృత్తిలో జరుగుతున్న పెద్ద అన్యాయమని నా నమ్మకం. చిన్న వ్యాపారి దగ్గరికి వెళ్లేవాళ్లు మొదట అడగాల్సింది ఖాతా పుస్తకం.

ఆర్డర్లు తగ్గించుకోవడం

నేను చెప్పిన మొదటి మార్పు విని అక్కకి భయం వేసింది. ఆర్డరు పెట్టినప్పుడే యూపీఐలో 200 అడ్వాన్సు తీసుకుందాం, మిగతాది ఇంటి దగ్గర ఇవ్వొచ్చు, మొత్తం ముందే ఇస్తే ఇంకా మంచిది అన్నాను. చీర చేరాక గుమ్మం దగ్గర వద్దంటే ఆ 200 రాను, పోను ఖర్చులకి పోతుందని ఆర్డరుకి ముందే తెలుగులో మెసేజ్ పెట్టాం. సందేహం లేకుండా తెలియాలని అక్క గొంతుతో వాయిస్ మెసేజ్ కూడా జోడించాం. చీరలో మా తప్పు ఉంటే సంగతి వేరు, పూర్తి డబ్బు వెనక్కి.

అవే 29,500 ఖర్చుకి ఆర్డర్లు వంద నుంచి అరవైకి పడ్డాయి. ఆ వారం అక్క నాకు రోజుకి మూడుసార్లు ఫోన్ చేశారు. కానీ అరవైలో యాభై ఆరు చేరాయి. మిగులు 31,584. పంపిన ఖర్చు 6,160, ఇంటి దగ్గర డబ్బిచ్చిన ఇరవై మందికి వసూలు ఛార్జీ 800, ప్రకటనలు 29,500. వద్దన్న నాలుగింటి ఖర్చు అడ్వాన్సులో సరిపోయింది. నష్టం 4,876కి దిగింది.

ఇంకా నష్టమే. ఇక్కడే చాలామంది ప్రకటన ఫోటో మార్చడం, వయసు మార్చడం, ఊళ్లు మార్చడం మొదలుపెడతారు. నేనూ రెండు వారాలు అదే చేశాను. ఆర్డరు ఖర్చు కాస్త తగ్గింది, అంతకు మించి కదల్లేదు. చీరకి 564 మిగిలే చోట కొత్త మనిషిని తెచ్చుకోవడానికే ప్రకటన, కొరియరు కలిపి 600 దాటుతుంటే మొదటి చీర మీద గిట్టుబాటు కాదు. గిట్టుబాటు కావాలంటే అదే మనిషి ప్రకటన లేకుండా రెండోసారి రావాలి. అలా వచ్చిన చీరకి 454 చేతిలో మిగులుతుంది. అప్పటి నుంచి నేను రాసుకున్న లెక్క ఒకటే: మొదటిసారి కొన్నవాళ్లలో ఆరు నెలల్లోపు మళ్లీ కొన్నది ఎందరు? ఆ రోజుకి పాత చీటీలు తిరగేస్తే, వందకి ఎనిమిది మంది కూడా లేరు.

వంకాయ పక్కన చీర

ఎందుకు రావడం లేదో నాకు నేనే ఊహించుకోవడం మాని, చీర తీసుకున్న నలభై మందికి ఫోన్ చేశాను. అమ్మడానికి కాదు, చీర ఎలా ఉందమ్మా అని అడగడానికి. విసుక్కున్నవాళ్లు తక్కువ. ఎక్కువమంది చెప్పింది రంగు గురించి. "ఫోటోలో నీలం అనుకున్నానండీ, వచ్చింది నేరేడు పండు రంగు." "వంకాయ రంగు అని రాశారు, మా ఇంట్లో వంకాయలు ఇలా ఉండవు."

పాత ఫోటోలు తీసి చూశాను. అన్నీ రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద తీసి, ఫిల్టరు వేసినవి. ఊదా, నేరేడు, వంకాయ రంగులు ఫోన్ కెమెరాలో నీలం వైపు జారిపోతాయి. అది తెలిసి సరిచేసేవాళ్లు లేకపోతే ప్రతి చీరా ఒక తగువే.

ఫోటోలు పొద్దున ఎనిమిది ప్రాంతంలో, వరండాలో, ఎండ నేరుగా పడని చోట తీయడం మొదలుపెట్టాం. ఫిల్టర్లు పూర్తిగా మానేశాం. అయినా వంకాయ రంగు కుదరలేదు. అప్పుడు అక్క వంటింట్లోకి వెళ్లి ఒక గుండ్రటి వంకాయ తెచ్చి చీర మడత మీద పెట్టారు. "తమ్ముడూ, ఫోటోలో వంకాయ వంకాయలా కనిపించేదాకా సరిచెయ్యి. అప్పుడు చీరా సరిగ్గానే ఉంటుంది." ఇరవై ఏళ్లుగా షాపులో చీరలు పరిచి చూపించిన మనిషికి తట్టింది, నాకు తట్టలేదు. చూసే ఆవిడ ఫోన్ స్క్రీన్ ఎలాంటిదైనా, తన వంటింట్లో వంకాయ ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. అందులో తేడా కనిపిస్తే చీరలోనూ అంతే తేడా ఉంటుందని తనే సర్దుకుంటుంది.

అప్పటి నుంచి ప్రతి చీర పక్కనా ఏదో ఒకటి ఉండేది. మిరపపండు ఎరుపుకి పండుమిర్చి, కనకాంబరానికి నాలుగు పూలు, ఉల్లిపొర రంగుకి ఉల్లిపాయ, గంధం రంగుకి గంధపు చెక్క. పేర్లు కూడా "వైన్", "లావెండర్" తీసేసి ఇవే పెట్టాం. రంగు బాగాలేదన్న ఫిర్యాదులు మూడు నెలల్లో నెలకి ఒకటి, రెండుకి వచ్చాయి. ఆ ఫోటోలు చూసి నవ్వుకుని స్నేహితులకి పంపినవాళ్లు, తర్వాత కొన్నవాళ్లు కూడా ఉన్నారు.

రెండో ఫిర్యాదు నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది. హైదరాబాద్ నుంచి ఒకావిడ అంచు ఫోటో పంపి "ఇదంతా చిల్లులు, పాత చీర పంపారు" అని రాశారు. చూస్తే అంచు పొడవునా సూదితో గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు, వరసగా, సమానమైన ఎడంలో. మగ్గం మీద నేసేటప్పుడు బట్ట వెడల్పు ముడుచుకుపోకుండా రెండు అంచుల్నీ లాగి పట్టి ఉంచే పుల్ల ఉంటుంది. దాని కొసల్లో ఉన్న ముళ్ల గుర్తులవి. చేనేత అనడానికి కంటికి కనిపించే సాక్ష్యాల్లో అదొకటి. నేతగాడి చేతి గుర్తుని కొన్నావిడ చిరుగు అనుకుంది. ఆవిడ తప్పు కాదు, మేం ముందు చెప్పలేదు.

బావగారు మగ్గం గుంతలో కూర్చుని, ఆ పుల్లని తీసి రెండంగుళాలు ముందుకి జరిపి గుచ్చడం ఇరవై సెకన్ల వీడియో తీశాం. సంగీతం లేదు, మగ్గం చప్పుడే. చీర కొన్న ప్రతి ఒక్కరికీ ప్యాకెట్ చేరే ముందు రోజు ఆ వీడియో వెళ్లేది. అంచుల గురించి ఫిర్యాదు మళ్లీ రాలేదు. పైగా "ఇంకోచోట కొన్నదానికి ఈ రంధ్రాలు లేవండీ, అది మరమగ్గమా?" అని అడగడం మొదలైంది. చీరల్లో చేనేతకి రిజర్వ్ చేసిన రకాలు మరమగ్గం మీద నేయకూడదని 1985లోనే చట్టం వచ్చింది. మంగళగిరి చీరకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా ఆన్‌లైన్‌లో ఆ ఊరి పేరు పెట్టి మరమగ్గం గుడ్డ సగం ధరకి అమ్ముతూనే ఉన్నారు. ధరలో వాళ్లతో పోటీ పడలేం. తేడా చూపించగలం, అంతే. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లకి వెళ్లడం వాయిదా వేయడానికి ఇదే కారణం. అక్కడ రెండు చీరలూ ఒకే సైజు ఫోటోలో పక్కపక్కన ఉంటాయి, మాట్లాడేది ధర ఒక్కటే.

నేను చేసిన తప్పు

మొదటి నెలలోనే వెబ్‌సైటు కట్టించాను. కార్టు, పేమెంటు గేట్‌వే, అన్నీ. దాని మీద వాళ్లు పెట్టిన డబ్బు ఇంకో పడుగుకి (మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకి) సరిపోయేది. జనం సైటు చూసి, చీర ఫోటో స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో పంపి "ఇది ఉందా అండీ? కొంగు చూపించండి" అని అడిగేవాళ్లు. రెండు వేల రూపాయల చీర మాట కలపకుండా కొనడం మనవాళ్లకి అలవాటు లేదు. షాపులో అయితే పది చీరలు పరిపించి, భుజం మీద వేసుకుని, పక్కావిణ్ని అడిగి కొంటారు. ఆన్‌లైన్‌లో ఆ పనంతా వాట్సాప్‌లోనే జరుగుతోందని నేను ఆలస్యంగా చూశాను. నాలుగో నెలలో ప్రకటనలన్నిటినీ నేరుగా వాట్సాప్‌కి మళ్లించాం. సైటులో షాపు చిరునామా, రిటర్న్ నియమాలు, ఫిర్యాదు చేయాల్సిన మనిషి పేరు, నంబరు మిగిల్చాం. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అవి ఎలాగూ ఉండాలి. పాత ఏజెన్సీ కొనుగోలుదారుల పేరుతో రాయించిన పొగడ్తలు తీసేయించాను. అమ్మేవాళ్లే కొన్నవాళ్లలా రివ్యూలు రాసుకోకూడదని అవే నియమాలు చెబుతున్నాయి. నియమం లేకపోయినా తీసేయాల్సిందే.

పైసా ఖర్చు లేకుండా బాగా పనిచేసింది గూగుల్ మ్యాప్స్‌లో షాపు ప్రొఫైల్. పానకాల స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు కొండ దిగి "మంగళగిరి చీరలు" అని ఫోన్‌లో వెతుకుతారు. షాపు వేళలు, వీధి మొదట్లో ఆనవాలు, కారు ఆపే చోటు రాసి, మగ్గాల ఫోటోలు పెట్టాం. అలా వచ్చి మగ్గం చూసి వెళ్లినవాళ్లలో చాలామంది ఊరికెళ్లాక వాట్సాప్‌లో కొన్నారు. వాళ్లకి నమ్మకం గురించి చెప్పాల్సిన పనే లేదు.

స్టాఫ్‌రూమ్

ఆ నలభై ఫోన్‌కాల్స్‌లో ఇంకో సంగతి దొరికింది. పాత ప్రకటనలు పెళ్లికూతుళ్లని ఉద్దేశించి నడిచాయి. కొన్నవాళ్లలో పెళ్లికూతురు ఒక్కరూ లేరు. సగం మంది టీచర్లు, తర్వాత బ్యాంకు, ఆఫీసు ఉద్యోగినులు. రోజూ కట్టుకోవడానికి, ఎండకి తట్టుకునేలా, ఇంట్లో ఉతుక్కోగలిగేలా చీర కావాలి వాళ్లకి. "మా గురించి ఎలా తెలిసింది" అంటే ఫేస్‌బుక్ అన్నవాళ్ల కన్నా "మా స్కూల్లో ఇంకో మేడమ్ కట్టుకొచ్చారు" అన్నవాళ్లు ఎక్కువ. డ్యాష్‌బోర్డు వాళ్లనీ తన ఖాతాలోనే వేసుకుంది. ఎందుకంటే ఆ మేడమ్ చెప్పాక వాళ్లు వెతికి, మా ప్రకటన నొక్కి వచ్చారు.

మొత్తం పంచాంగం మార్చాం. ప్రకటనలు నెలంతా కాకుండా జీతాలు పడే ఒకటో తారీకు నుంచి పదో తారీకు వరకే. బడులు తెరిచే జూన్ ముందు, శ్రావణ మాసానికి ముందు, సెప్టెంబర్ 5 గురుపూజోత్సవానికి రెండు వారాల ముందు కాస్త ఎక్కువ. మోడల్ ఫోటోలు మాని, అక్క వాళ్ల ఏభై దాటిన వదినగారు చీర కట్టుకుని నడిచిన వీడియో పెట్టాం. నాలుగో రోజు కూడా నలగకుండా ఉందా, పిన్నులు ఎక్కడ పెట్టాలి, సుద్దముక్క దుమ్ము దులిపితే పోతుందా, ఇవి ఆవిడే చెప్పారు. మగ్గం వీడియోలకి వచ్చినన్ని వ్యూస్ దీనికి రాలేదు. ఆర్డర్లు మాత్రం దీనికే ఎక్కువ వచ్చాయి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే సందేశం చాలామందికి విడివిడిగా పంపడం) గురించి కొత్తవాళ్లకి ఒక మాట. ఒక జాబితాలో 256 మందినే పెట్టగలం. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఈ సంగతి తెలియక అంతకుముందు వీళ్లు ఎవరో అమ్మిన సాఫ్ట్‌వేర్‌తో వేలమందికి ఒకేసారి పంపారు, నంబరు ఆగిపోయింది. పదేళ్లుగా అందరికీ తెలిసిన నంబరు. తిరిగి వచ్చేదాకా అక్కకి అన్నం సహించలేదట. మేం ప్యాకెట్‌లో ఒక చీటీ పెట్టాం: ఉతికే పద్ధతి, కింద "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త పడుగు ఎక్కినప్పుడు మీకు ముందు చెబుతాం". వారానికి ఒక్క సందేశం, గురువారం సాయంత్రం. వద్దన్నవాళ్లని అదే రోజు తీసేయడం.

పడుగులో ఇంకా మూడే

"త్వరపడండి, రెండే మిగిలాయి" అని ఆన్‌లైన్‌లో అందరూ అంటారు, గోడౌన్‌లో రెండు వేలున్నా సరే. ఇలాంటి బూటకపు తొందరని 2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లని మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల) మార్గదర్శకాల్లో చేర్చి నిషేధించింది. వీళ్ల విషయంలో ఆ మాట నిజం. ఒక రంగు పడుగు మగ్గం ఎక్కితే దాని మీద కొన్ని చీరలే దిగుతాయి. అది అయిపోతే అయిపోయినట్టే. ఆ నిజాన్ని వీళ్లు ఎప్పుడూ చెప్పుకోలేదు. నేను గురువారం సందేశంలో అదే రాయమన్నాను: "ఉల్లిపొర రంగు పడుగులో ఇంకా మూడు చీరలు ఉన్నాయి", మగ్గం మీద మిగిలిన పడుగు ఫోటోతో. అయిపోయాక "అయిపోయింది" అని రాయడం కూడా అంతే ముఖ్యం. నాలుగు వారాలకి జనం నమ్మారు.

అప్పుడు అక్కే ఒక అడుగు ముందుకేశారు. ఒక గురువారం రెండు రంగుల నూలు కండెలు పక్కపక్కన పెట్టి, "వచ్చే పడుగు ఏది ఎక్కిద్దాం?" అని అడిగారు. జవాబులు రాత్రి పదకొండు దాకా వచ్చాయి. నేరేడు గెలిచింది. ఆ రంగు అడిగినవాళ్లలో సగం మంది అడ్వాన్సు కూడా పంపేశారు, నేయకముందే. అంతవరకూ బావగారు తనకి తోచిన రంగు నేసి, అది అమ్ముడయ్యేదాకా ఎదురుచూసేవారు. బీరువాలో రెండేళ్ల నాటి చీరలు ఉండేవి.

ఏడాది తిరిగేసరికి మొదటి చీర కొన్న యాభై ఆరు మందిలో ఇరవై మంది ఆరు నెలల్లోపు మళ్లీ కొంటున్నారు. ఇరవైని 454తో గుణిస్తే 9,080. మొదటి చీర మీద పోయిన 4,876 తీసేస్తే 4,204 మిగులు. పెద్ద అంకె కాదు. ప్రకటనల ఖర్చు సగానికి తగ్గించినా ఆ ఇరవై మంది తగ్గలేదు. స్టాఫ్‌రూమ్ నుంచి వచ్చేవాళ్లకి అసలు ప్రకటన ఖర్చే లేదు. తిరిగొచ్చే ప్యాకెట్లు నెలకి రెండు, మూడు. ప్రకటనల రిపోర్టులో మాత్రం మా రాబడి 7.2 నుంచి నాలుగుకి పడిపోయినట్టు చూపిస్తోంది. ఇంకొకరు చూస్తే నన్ను పనిలోంచి తీసేయమంటారు.

కుదరనివి ఇంకా ఉన్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతారు గానీ, ఒక్క చీరకి కొరియర్ ఖర్చు చీర ధరకి దగ్గరగా వస్తుంది. నలుగురైదుగురు కలిసి ఒక పెట్టె తెప్పించుకుంటేనే వీలవుతోంది. రోజుకి యాభై, అరవై వాట్సాప్ ప్రశ్నలకి అక్క ఒక్కరే జవాబు చెబుతున్నారు. ఆటోమేటిక్ జవాబులు పెడితే వారంలో తీసేయమన్నారు, "కొంగు చూపించమంటే మెషీను ఏం చూపిస్తుంది?" అని. ఇంటర్ చదివే మేనకోడలికి ఇప్పుడు సాయంత్రాలు ఆ పని నేర్పుతున్నారు.

2024 వానాకాలంలో చివరిసారి లెక్కలు అప్పజెప్పడానికి వెళ్లినప్పుడు మధ్య గదిలో ఆ మూల ఖాళీగా ఉంది. అక్కడ నూలు మూటలు పెట్టుకున్నారు. బావగారు కొత్త పడుగు ఎక్కిస్తున్నారు. పోగు పోగూ అతుకుతూ తలెత్తకుండా "ఇది ఎవరి రంగు?" అని అడిగారు. అక్క ఫోన్ చూసి, "నరసరావుపేట బడి వాళ్లది, ఆరు చీరలు. మిగతావి ఎవరు ముందడిగితే వాళ్లకి" అన్నారు.